సగం డిస్కు ఖాళీగా ఉన్నా ‘మెమరీ చాలడం లేదు’ అని ఎందుకు వస్తుంది?

గాజువాక_ఫోటోస్టూడియో
రెండేళ్ల క్రితం ఆల్బమ్ డిజైనింగ్ పనికోసం ల్యాప్‌టాప్ కొన్నాను. కొట్టులో ‘512 జీబీ మెమరీ ఉంది, ఏ పనికైనా సరిపోతుంది’ అని చెప్పి ఇచ్చారు. ఇప్పటికి నేను వాడినది 230 జీబీ మాత్రమే, మిగిలినదంతా ఖాళీగానే ఉంది. అయినా పెళ్లి ఆల్బమ్ పని మొదలుపెట్టిన గంటకల్లా ‘కంప్యూటర్‌లో మెమరీ తక్కువగా ఉంది, ప్రోగ్రాములు మూసివేయండి’ అనే హెచ్చరిక వస్తోంది. ఒక్కోసారి ఫోటోషాప్ దానంతటదే మూసుకుపోతోంది. ఇది చాలదన్నట్టు మొన్న మూత మూసి భోజనానికి వెళ్లిన సమయంలో కరెంటు పోయింది. తిరిగి వచ్చి తెరిస్తే ల్యాప్‌టాప్ మొదటినుంచి ఆన్ అయింది, మూడు గంటలు కూర్చుని చేసిన పదకొండు షీట్లు కనిపించలేదు. బ్యాటరీ ఆరు నెలల క్రితమే పాడైంది, ఛార్జర్ మీదే నడుపుతున్నాను. ఇంకొక కొట్టులో అడిగితే డిస్కు మార్చి 1 టీబీది వేయించుకోమన్నారు. సగం ఖాళీగా ఉన్న డిస్కును ఇంకా పెద్దది చేస్తే లాభమేమిటో నాకు బోధపడడం లేదు. ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి, తెలిసినవారు దారి చూపించండి.

డాబాగార్డెన్స్_రిపేర్లు
ముందుగా ఒక మాట, డిస్కు కోసం ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. మీకు ‘మెమరీ’ అని చెప్పి అమ్మినది స్టోరేజీ. హెచ్చరికలో వస్తున్న మెమరీ అంటే ర్యామ్. రెండూ వేర్వేరు భాగాలు, రెండింటినీ జీబీల్లోనే కొలవడం వల్ల ఈ తికమక వస్తోంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వెళ్లిన తరువాత నెలరోజులపాటు నా దగ్గరికి తడిసిన కంప్యూటర్లు వస్తూనే ఉన్నాయి. ‘మెమరీ కాపాడండి’ అని అందరూ ర్యామ్ స్టిక్కులను జాగ్రత్తగా గుడ్డలో చుట్టి తెచ్చేవారు. వాటిలో కాపాడడానికి ఏమీ ఉండదు, కరెంటు పోయిన క్షణానే అందులో ఉన్నది పోతుంది. వారి పద్దులూ ఫోటోలూ ఉన్నది హార్డ్ డిస్కులో. మీ పదకొండు షీట్లు కూడా ర్యామ్‌లోనే ఉన్నాయి, అందుకే కరెంటుతోపాటే పోయాయి.

ఎంవీపీ_సత్యవతి
నేను పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. వారికి ఈ తేడాను వంటింటితో వివరిస్తాను. సామాను గదిలో బస్తా బియ్యం, పప్పులు, ఏడాదికి సరిపడే చింతపండు ఉంటాయి. అది మీ 512 జీబీ డిస్కు. కానీ వంట జరిగేది గట్టుమీద. గదిలో ఎంత సరుకున్నా గట్టుమీదికి తెచ్చి పెట్టుకున్న దానితోనే వండగలం. ఆ గట్టు ర్యామ్. ఇక పొయ్యి పక్కనే చేతికందేలా పోపులపెట్టె ఉంటుంది కదా, అది లెక్కలన్నీ చేసే ప్రాసెసర్ లోపలే ఉండే క్యాష్. చాలా చిన్నది, అన్నిటికన్నా దగ్గరగా ఉంటుంది. యాభై మందికి వంట ఒప్పుకుని గట్టు రెండడుగులే ఉంటే, సామాను గదిని పెద్దది చేసినంత మాత్రాన వంట సాగదు.

గాజువాక_ఫోటోస్టూడియో
సత్యవతి గారూ, రెండేళ్లుగా ఎవరూ చెప్పని విషయం మీ పోపులపెట్టెతో అర్థమైంది. మరి నా గట్టు ఎంత పొడవుందో ఎక్కడ చూడాలి?

మధురవాడ_కోడ్
కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ నొక్కండి. ఆల్బమ్ పని మధ్యలో, హెచ్చరిక వచ్చే సమయానికి చూడడం ముఖ్యం, ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు. ‘ఇన్ యూజ్’, ‘కమిటెడ్’, ‘హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్’, ‘స్లాట్స్ యూజ్‌డ్’ అని ఉన్న నాలుగు అంకెలూ ఇక్కడ రాయండి. అవి చూడకుండా ర్యామ్ కొనమని నేను చెప్పను.

వేగం_ప్రియుడు
అంకెలతో పనేముంది? 8 జీబీ ఉంటే 16 చేయించుకోండి, సమస్య తీరిపోతుంది. దానితోపాటు పేజ్ ఫైల్, అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునే ఫైలు, ఆపేయండి. అది ఉంటే విండోస్ పదేపదే డిస్కు మీద రాస్తుంది, నెమ్మదిస్తుంది, ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్తరకం డిస్కు) ఆయుష్షు కూడా తగ్గుతుంది. నేను మూడేళ్లుగా ఆపేసే వాడుతున్నాను, ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు.

మధురవాడ_కోడ్
వేగం_ప్రియుడు గారూ, పేజ్ ఫైల్ గురించి మీరు చెప్పినదానితో నేను ఏకీభవించను. అయితే ముందు స్టూడియో గారి అంకెలు రానివ్వండి, వాటిని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

పూర్ణామార్కెట్_పద్దులు
‘16 చేయించుకోండి’ అనే మాట విని నేను నష్టపోయాను, అందుకే చెబుతున్నాను. మా కమీషన్ కొట్టులో పద్దులు రాసే పాత కంప్యూటర్‌కు 8 జీబీ ర్యామ్ వేయించాను. తీరా చూస్తే అందులో 3.2 జీబీ మాత్రమే వాడుకోగలమని చూపించింది. మోసపోయాననుకుని కొట్టతనితో తగువు కూడా పెట్టుకున్నాను. తప్పు స్టిక్కుది కాదని, మా విండోస్ 32 బిట్లది కావడమే కారణమని తరువాత తెలిసింది.

విశ్రాంత_ఇంజనీరు
దాని కారణం తెలుసుకోదగినది. ర్యామ్‌లో ప్రతి బైటుకూ ఇంటి నంబరులా ఒక చిరునామా ఉంటుంది. 32 బిట్లతో రాయగలిగిన చిరునామాలు 429,49,67,296. అంటే సరిగ్గా 4 జీబీ. అంతకు మించి ఇళ్లు కట్టినా వాటికి వేయడానికి నంబర్లు లేవు. ఆ నాలుగు జీబీల చిరునామాల్లోనే గ్రాఫిక్స్ వంటి పరికరాలకు కూడా కొన్ని కేటాయించాలి కనుక మీకు 3.2 మిగిలింది. 64 బిట్ల విండోస్ వేసుకుంటే ఈ అడ్డంకి తొలగుతుంది.

పూర్ణామార్కెట్_పద్దులు
అదే చేశాం మాస్టారూ, ఇప్పుడు మొత్తం చూపిస్తోంది. తగువు పెట్టుకున్న కొట్టతనికి క్షమాపణ కూడా చెప్పుకున్నాను.

గాజువాక_ఫోటోస్టూడియో
హెచ్చరిక వచ్చిన క్షణంలో చూసి రాసుకున్నాను. ఇన్ యూజ్ 5.6 జీబీ, కమిటెడ్ 5.8/5.9 జీబీ, హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ 2.1 జీబీ, స్లాట్స్ యూజ్‌డ్ రెండింటిలో ఒకటి. పెట్టెమీద మాత్రం ర్యామ్ 8 జీబీ అని రాసి ఉంది.

మధురవాడ_కోడ్
ఈ నాలుగు అంకెల్లోనే మొత్తం కథ ఉంది. ఒక్కొక్కటిగా చెబుతాను.

మీ ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ భాగం ర్యామ్‌లోంచి తన వాటాగా 2 జీబీ ముందే తీసుకుని పక్కన పెట్టుకుంది. అందుకే 8లో మీకు దక్కినది 5.9. ఇది లోపం కాదు, ఆ రకం యంత్రాల పద్ధతే అంత.

అసలు తేడా ‘కమిటెడ్’ దగ్గర ఉంది. ప్రోగ్రాములు అడిగిన మెమరీకి విండోస్ ‘ఇస్తాను’ అని మాట ఇస్తుంది. తాను ఇవ్వగలిగిన మొత్తం ఎంతో దానికి ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క ర్యామ్, డిస్కు మీద ఉండే పేజ్ ఫైల్ కలిపినంత. మామూలుగా ఆ రెండో అంకె ర్యామ్ కన్నా పెద్దదిగా ఉండాలి. మీకు 5.9 దగ్గరే ఆగిపోయింది, అంటే పేజ్ ఫైల్ అసలు లేదు. ఎవరో దానిని ఆపేశారు. డిస్కులో సగం ఖాళీ ఉన్నా విండోస్ దానిని వాడుకోలేని స్థితిలో ఉంది. మీ మొదటి ప్రశ్నకు సమాధానం ఇదే.

గాజువాక_ఫోటోస్టూడియో
నిజమే. పోయిన సంవత్సరం మా దగ్గర పనిచేసిన కుర్రవాడు ఏదో వీడియో చూసి ‘ఇలా చేస్తే స్పీడు పెరుగుతుంది’ అని కొన్ని సెట్టింగులు మార్చాడు. మంచి ఉద్దేశంతోనే చేశాడు. ఇంచుమించు ఆ రోజుల నుంచే ఈ హెచ్చరిక మొదలైంది.

వేగం_ప్రియుడు
నాకు ఇబ్బంది రాలేదన్నది నిజం. కానీ నా యంత్రంలో 32 జీబీ ర్యామ్ ఉంది, అది చెప్పకుండా అందరికీ అదే సలహా ఇవ్వడం పొరపాటు. అయినా ర్యామ్ నిండినప్పుడు డిస్కును వాడితే నెమ్మదిస్తుందన్నది కాదనలేరు కదా?

మధురవాడ_కోడ్
అది కాదనను. ర్యామ్‌లోని ఒక చోటును ప్రాసెసర్ చదవడానికి సుమారు వంద నానోసెకన్లు పడుతుంది. మంచి ఎస్‌ఎస్‌డీకి వంద మైక్రోసెకన్ల వరకూ, తిరిగే హార్డ్ డిస్కుకు పది మిల్లీసెకన్ల వరకూ పడుతుంది. ర్యామ్‌కు పట్టే సమయాన్ని ఒక సెకనుగా ఊహించుకుంటే ఎస్‌ఎస్‌డీకి దాదాపు పదిహేడు నిమిషాలు, హార్డ్ డిస్కుకు ఇరవై ఏడు గంటలకు పైగా అవుతుంది. అందుకే విండోస్ ఏది పడితే అది డిస్కుకు పంపదు. 4 కేబీల చిన్న చిన్న పేజీలుగా విభజించి, చాలాసేపటిగా ఎవరూ తాకని పేజీలను పంపుతుంది. పొద్దున తెరిచి మరచిపోయిన బ్రౌజరు ట్యాబు డిస్కు మీద పడి ఉంటే నష్టం లేదు. ఆ చోటు మీ ఆల్బమ్‌కు దొరుకుతుంది. పేజ్ ఫైల్ తీసేస్తే ఆ మరచిపోయిన ట్యాబు కూడా గట్టుమీదే కూర్చుంటుంది, ఆల్బమ్‌కు చోటు ఉండదు.

అవుటర్_హార్బర్
నాకు కంప్యూటర్ల గురించి ఎక్కువ తెలియదు, పోర్టులో పని. మీరు చెప్పినది మాకు రోజూ కనిపించే సంగతి. ఆర్కే బీచ్‌లో సాయంత్రం నిలబడి చూస్తే దూరంగా లంగరేసుకుని ఉన్న ఓడలు కనిపిస్తాయి. బెర్తు ఖాళీ అయ్యేవరకూ అవి అక్కడే ఆగుతాయి. క్రేను పనిచేయగలిగేది బెర్తుకు వచ్చి కట్టిన ఓడ మీదే. అవసరం లేని ఓడను బయట ఉంచడం సబబైన పనే. కానీ ఒక ఓడలో సరుకు నాలుగోవంతు దించి, దానిని టగ్గులతో బయటికి లాగి, ఇంకొక ఓడను తెచ్చి, అందులోనూ నాలుగోవంతు దించి, మళ్లీ మొదటిదాన్ని తెస్తే రోజంతా టగ్గులు తిరుగుతూనే ఉంటాయి, సరుకు మాత్రం ఒడ్డుకు చేరదు.

మధురవాడ_కోడ్
మీ చివరి వాక్యం మా పాఠ్యపుస్తకాల్లో ఒక పూర్తి అధ్యాయం. దానిని థ్రాషింగ్ అంటారు. ప్రాసెసర్ ఖాళీగా ఉంటుంది, డిస్కు మాత్రం ఊపిరి తీసుకోదు. 1968లో పీటర్ డెనింగ్ దీనికి కారణాన్ని స్పష్టంగా వివరించారు. ఒక ప్రోగ్రాము ఒక దశలో పదేపదే తాకే పేజీల సమూహాన్ని వర్కింగ్ సెట్ అన్నారు. నడుస్తున్న ప్రోగ్రాముల వర్కింగ్ సెట్లన్నీ కలిపి ర్యామ్‌లో పడితే అంతా సాఫీగా సాగుతుంది, పట్టకపోతే ఓడలు లాగడమే పని అవుతుంది. ఇంకా ర్యామ్ కొనాలా అన్న ప్రశ్నకు కొలబద్ద ఇదే.

మద్దిలపాలెం_హాస్టల్
నాకూ ఇటీవల ఇలాంటిదే ఎదురైంది. ప్రాజెక్టు కోసం 3 జీబీల డేటా ఫైలును నా 8 జీబీ ల్యాప్‌టాప్‌లో పైథాన్‌తో తెరవబోతే ‘కిల్డ్’ అన్న ఒక్క మాట వచ్చి ప్రోగ్రాము ఆగిపోయింది. 8లో 3 పట్టదా అని రెండు రోజులు తల పట్టుకున్నాను. తీరా చూస్తే, ఫైలులో ‘7’ అన్న అంకె ఒక అక్షరమే అయినా, ర్యామ్‌లోకి వచ్చాక ఒక్కొక్క అంకెకు 8 బైట్ల గది కేటాయిస్తోంది. పేర్లు, ఊర్లు ఉన్న నిలువు వరుసలైతే ఇంకా ఎక్కువ. చోటు అయిపోయేసరికి, నా ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు నడిచే లినక్సే నా ప్రోగ్రామును ఆపేసింది. వందలోపు అంకెలున్న నిలువు వరుసల్లో ఒక్కొక్క అంకెకు ఒక బైటు చాలని చెప్పి, ఫైలును లక్ష అడ్డు వరుసల చొప్పున చదివితే అదే యంత్రంలో పని పూర్తయింది. డిస్కు మీద ఎంత ఉందో చూసి ర్యామ్‌లో అంతే పడుతుందనుకోవడం నేను చేసిన తప్పు.

డాబాగార్డెన్స్_రిపేర్లు
ఈ అమ్మాయి చెప్పిన మాట స్టూడియో గారికి అచ్చంగా వర్తిస్తుంది. మాస్టారూ, మీ కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లది? షీటు సైజు ఎంత? ఒక్కొక్క షీటులో ఎన్ని ఫోటోలు పెడతారు?

గాజువాక_ఫోటోస్టూడియో
కెమెరా 24 మెగాపిక్సెళ్లది. కరిజ్మా ఆల్బమ్, 12×36 అంగుళాల షీటు, అంగుళానికి 300 చుక్కలు. షీటుకు సగటున ఎనిమిది ఫోటోలు. ఫోటో ఫైలు ఒక్కొక్కటి 9 ఎంబీ కూడా ఉండదు.

డాబాగార్డెన్స్_రిపేర్లు
9 ఎంబీ ఉన్నది డిస్కు మీద. జేపీఈజీ అంటే మడతపెట్టి ఇస్త్రీ చేసి బీరువాలో సర్దిన పట్టుచీర. ఫోటోషాప్ దాని మీద పని చేయాలంటే మడతలన్నీ విప్పి పరవాలి. 24 మెగాపిక్సెళ్లు అంటే 2.4 కోట్ల చుక్కలు, ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి 3 బైట్లు, అంటే 72 ఎంబీ. ఎనిమిది ఫోటోలకు 576 ఎంబీ. షీటు వెడల్పు 10,800 చుక్కలు, ఎత్తు 3,600 చుక్కలు, దాని నేపథ్యానికి మరో 116 ఎంబీ. ఒక్క షీటుకే 692 ఎంబీ అయింది. వెనక్కి వెళ్లడానికి ఫోటోషాప్ దాచుకునే పాత అడుగులు ఇందులో కలపలేదు. పదకొండు షీట్లు ఒకేసారి తెరిచి ఉంచితే 7.6 జీబీ. మీకున్నది 5.9.

గాజువాక_ఫోటోస్టూడియో
ఈ లెక్క చూసి కాసేపు మాట రాలేదు. పదకొండు షీట్లూ తెరిచి పెట్టుకున్నాను నిజమే. రంగులు ఒకదానితో ఒకటి సరిపోల్చుకోవడం కోసం అలా ఉంచుతాను.

ఎంవీపీ_సత్యవతి
సరిపోల్చడానికి మూడు షీట్లు చాలవా? ఇంకొక మాట. ఫోటోను షీటులో 6×8 అంగుళాల చోటులో పెడుతుంటే దానికి కావలసినది 1,800×2,400 చుక్కలే. ముందే ఆ కొలతకు తగ్గించి పెడితే 72 ఎంబీల చోట 13 ఎంబీలతో సరిపోతుంది. ముద్రణలో ఏ తేడా ఉండదు. తరువాత పెద్దది చేయవలసి వస్తే అసలు ఫోటో డిస్కులో ఎలాగూ ఉంటుంది.

విశ్రాంత_ఇంజనీరు
కరెంటు పోగానే ర్యామ్ ఎందుకు మరచిపోతుందన్న ప్రశ్నను ఎవరూ తీసుకోలేదు. ఆ పదకొండు షీట్ల బాధ దానివల్లే కనుక కొంచెం విపులంగా రాస్తాను.

మన ర్యామ్‌లో ఒక్కొక్క బిట్టుకు ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు ఉంటాయి. కెపాసిటరులో విద్యుత్తు నిండి ఉంటే 1, లేకుంటే 0. కానీ అది చిల్లుకుండ వంటిది. నింపిన విద్యుత్తు కారిపోతూనే ఉంటుంది. అందుకని 64 మిల్లీసెకన్లలోపు ప్రతి అరనూ చదివి తిరిగి నింపాలి, అంటే సెకనుకు పదిహేనుసార్లకు పైగా. మీ 8 జీబీలో అలాంటి చిల్లుకుండలు 6,871 కోట్లకు పైగా ఉన్నాయి. మీరు ఏమీ చేయకుండా తెర వైపు చూస్తూ కూర్చున్నా ఈ నింపే పని జరుగుతూనే ఉంటుంది. కరెంటు ఆగిన మరుక్షణం నింపేవారు ఉండరు.

ఇంత మతిమరుపు వస్తువును ఎందుకు వాడుతున్నారంటే, అది అతి చిన్నది, చవకైనది కావడం వల్ల. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్ 1966లో ఈ ఆలోచన చేశారు, 1968లో పేటెంట్ వచ్చింది. 1970లో ఇంటెల్ విడుదల చేసిన 1103 అనే చిప్పులో 1,024 బిట్లు ఉండేవి. అంటే 128 బైట్లు. నేటి యూనికోడ్ పద్ధతిలో ‘విశాఖపట్నం’ అన్న మాటకు 30 బైట్లు పడతాయి కనుక, ఆ చిప్పులో మన ఊరి పేరు నాలుగుసార్లు రాస్తే నిండిపోయేది.

దానికి ముందున్న తరం వేరు. నేను శిక్షణలో ఉన్నప్పుడు ఒక పాత కోర్ మెమరీ పలకను చేతిలోకి తీసుకుని చూశాను. ఆవగింజంత ఫెరైట్ ఉంగరాలు వేల సంఖ్యలో వరుసలు తీరి ఉన్నాయి, ప్రతి ఉంగరంలోంచీ వెంట్రుకలాంటి తీగలు దూర్చి ఉన్నాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నేతగాడి మగ్గం మీది పడుగుపేకలా కనిపించింది. ఒక్కొక్క ఉంగరం ఒక్కొక్క బిట్టు. అయస్కాంత శక్తితో పనిచేస్తుంది కనుక కరెంటు పోయినా మరచిపోదు. 1960లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో పనిచేయడం మొదలుపెట్టిన టిఫ్రాక్ కంప్యూటర్‌లో ఉన్నది ఈ రకమే, 40 బిట్ల పదాలు 2,048. మొత్తం 10 కేబీ. మన స్టూడియో గారి ల్యాప్‌టాప్‌లో దానికి ఎనిమిది లక్షల రెట్లకు పైగా ఉంది.

మద్దిలపాలెం_హాస్టల్
పడుగుపేకల పోలిక చదివాక ఆ పలకను చూడాలనిపించింది. డెనార్డ్ పేరు పరీక్షకోసం చదివాను కానీ మన ఊరి పేరు నాలుగుసార్లే పట్టేదని ఏ పుస్తకమూ చెప్పలేదు.

భీమిలి_అల
ఫోన్ల ప్రకటనల్లో ‘8+8 జీబీ ర్యామ్’ అని రాస్తున్నారు. అది 16తో సమానమేనా? ఇప్పుడు చదువుతుంటే ఆ రెండో 8 మీద అనుమానం వస్తోంది.

మధురవాడ_కోడ్
మీ అనుమానం సరైనదే. రెండో 8 ఫోను స్టోరేజీలోంచి తీసి పక్కన పెట్టిన చోటు, అంటే బయట లంగరేసుకునే స్థలం. బెర్తు మాత్రం 8 జీబీలే. కొనేటప్పుడు ‘+’ గుర్తుకు ముందున్న అంకెనే చూడండి.

పూర్ణామార్కెట్_పద్దులు
ఫోనులో ‘ర్యామ్ క్లీనర్’ వేసుకుని గంటకోసారి అన్నీ మూసేయడం మా ఇంట్లో అందరికీ అలవాటు. అది మంచిదేనా?

మద్దిలపాలెం_హాస్టల్
మంచిది కాదండి. లినక్స్ నేర్చుకుంటున్న కొత్తలో ‘ఫ్రీ’ అన్న కమాండ్ ఇచ్చి చూస్తే 200 ఎంబీ మాత్రమే ఖాళీ అని చూపించింది, హడలిపోయాను. పక్కనే ‘అవైలబుల్’ అన్న వరుసలో 5 జీబీ ఉంది. ఇటీవల చదివిన ఫైళ్లను మళ్లీ అడుగుతారేమోనని లినక్స్ ఖాళీ ర్యామ్‌లో ఉంచుతుంది, ఎవరికైనా చోటు కావాలంటే వెంటనే ఇచ్చేస్తుంది. ఫోనులోని ఆండ్రాయిడ్ కూడా లినక్స్ మీదే నిర్మించినది. మీరు మూసేసిన ఆప్‌ను పది నిమిషాలకు మళ్లీ తెరిస్తే అదంతా స్టోరేజీ నుంచి తిరిగి తేవాలి, బ్యాటరీ కూడా ఎక్కువ ఖర్చవుతుంది.

వేగం_ప్రియుడు
దీనితో పూర్తిగా ఏకీభవించలేను. కొన్ని ఆప్‌లు వెనకాల నడుస్తూ నిజంగానే మెమరీ తినేస్తాయి. అలాంటివి మూసేయవలసిందే.

మధురవాడ_కోడ్
ఒకటి రెండు అలాంటివి ఉంటే వాటిని మూయడం సబబే. తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వడం మరచిపోయే ప్రోగ్రాములను మెమరీ లీక్ ఉన్నవి అంటారు. నేను రాసిన ఒక ప్రోగ్రాములోనే అలాంటి తప్పు ఉండి, మూడు రోజులకోసారి సర్వరు ఆగిపోయేది. కారణం పట్టుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. రోజురోజుకూ అంకె పెరుగుతూనే ఉండడం దాని గుర్తు. అయితే దోషి ఎవరో చూసి దానిని మాత్రమే మూయాలి, అన్నింటినీ కాదు.

గాజువాక_ఫోటోస్టూడియో
పేజ్ ఫైల్‌ను తిరిగి విండోస్‌కే అప్పగించాను. రీస్టార్ట్ చేశాక కమిటెడ్ రెండో అంకె 14కు పెరిగింది. రెండు రోజులుగా ఒక్కసారి కూడా హెచ్చరిక రాలేదు, పైసా ఖర్చు కాలేదు. అయితే ఆరేడు షీట్లు తెరిస్తే మాత్రం నత్తనడక నడుస్తోంది. ఇది అవుటర్_హార్బర్ గారు చెప్పిన టగ్గుల పనే అనుకుంటాను. ఖాళీ స్లాటు ఉంది కనుక ర్యామ్ వేయించుకోవచ్చా?

డాబాగార్డెన్స్_రిపేర్లు
ఇప్పుడు వేయించుకోండి. అవసరమని లెక్క తేలింది. ఉన్న స్టిక్కును తీసి దాని మీది చీటీని ఫోటో తీసుకుని కొట్టుకు వెళ్లండి. మీది డీడీఆర్4 రకం ర్యామ్ అయితే 260 పిన్నులు, 1.2 వోల్టులు. డీడీఆర్3 ల్యాప్‌టాప్ స్టిక్కుకు 204 పిన్నులు, గాడి కూడా వేరే చోట ఉంటుంది, కనుక ఒకదానిలో ఇంకొకటి దూరదు. బలవంతంగా నొక్కి స్లాటు విరగ్గొట్టుకున్నవారిని చూశాను. పలుచని ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, వాటికి ఈ అవకాశమే లేదు, మీకు స్లాటు ఉండడం అదృష్టం.

వేగం_ప్రియుడు
8 వేసే బదులు పాతది తీసేసి ఒకే 16 స్టిక్కు వేస్తే ముందుముందు ఇంకొక 16 వేసుకోవచ్చు కదా?

మధురవాడ_కోడ్
పెంచుకునే ఉద్దేశం ఉంటే మీ మాటా ఆలోచించదగినదే. కానీ వీరికి 8+8 మేలు. రెండు స్టిక్కులుంటే ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి చదువుతుంది. 3200 వేగపు స్టిక్కు ఒక్కటైతే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ, రెండైతే 51.2 జీబీ. వీరి గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్ మీదే ఆధారపడింది కనుక పెద్ద షీటును జూమ్ చేసి జరిపేటప్పుడు తేడా కంటికి తెలుస్తుంది.

వేగం_ప్రియుడు
గ్రాఫిక్స్ సంగతి నేను ఆలోచించలేదు. 8+8 సరైనదే.

గాజువాక_ఫోటోస్టూడియో
స్టిక్కు తెచ్చి నేనే పెట్టుకున్నాను. ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది, లైటు మాత్రం వెలుగుతోంది. చేతులు వణుకుతున్నాయి, ఫోనులో రాస్తున్నాను.

డాబాగార్డెన్స్_రిపేర్లు
కంగారు పడకండి. కొత్త ర్యామ్ వేసిన మొదటిసారి యంత్రం దానిని పరీక్షించి సరిచూసుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు పట్టవచ్చు, ఆగండి. అప్పటికీ రాకపోతే ఛార్జర్ తీసి, లోపల బ్యాటరీ వైరు ఊడదీసి, స్టిక్కును మళ్లీ ఏటవాలుగా పూర్తిగా దూర్చి కిందికి నొక్కండి. రెండు పక్కలా క్లిప్పులు ‘టిక్’ మనాలి. పాత స్టిక్కు బంగారు రంగు పళ్లు నల్లబడి ఉంటే మెత్తని పెన్సిలు రబ్బరుతో సున్నితంగా తుడిచి, పొడి రాలగొట్టి పెట్టండి. మన ఊరి ఉప్పుగాలికి అవి మాసిపోతాయి, బీచ్ రోడ్డు నుంచి వచ్చే యంత్రాల్లో ఇది తరచుగా చూస్తాను.

గాజువాక_ఫోటోస్టూడియో
ఒక పక్క క్లిప్పు పడలేదు. సరిచేశాక వచ్చింది. పాత స్టిక్కు పళ్లు మీరు చెప్పినట్టే మసకబారి ఉన్నాయి, తుడిచాను. ఇప్పుడు 13.9 జీబీ వాడుకోవచ్చని చూపిస్తోంది.

డాబాగార్డెన్స్_రిపేర్లు
ఈ రాత్రికి విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్ పెట్టి వదిలేయండి. కొత్త స్టిక్కులో లోపముంటే ముహూర్తాల మధ్యలో బయటపడడం కన్నా ఇప్పుడే బయటపడడం మంచిది. ఇక భోజనానికి వెళ్లేటప్పటి సంగతి. మూత మూస్తే మీ యంత్రం స్లీప్‌లోకి వెళుతుంది. అప్పుడు మిగిలినవన్నీ ఆగి, ర్యామ్‌కు మాత్రం కొద్దిపాటి కరెంటు అందుతూ ఉంటుంది. మీ బ్యాటరీ పనిచేయదు కనుక గోడలో కరెంటు పోగానే ఆ కొద్దిపాటీ ఆగింది. పవర్ ఆప్షన్స్‌లో మూత మూసినప్పుడు హైబర్నేట్ అయ్యేలా పెట్టండి. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసిపెట్టి ఆగిపోతుంది, తరువాత వారం రోజులు కరెంటు లేకపోయినా ఫరవాలేదు. 16 జీబీ అయింది కనుక ఆ ఫైలుకు డిస్కులో కొన్ని జీబీలు పోతాయి, మీకు ఖాళీకి కొదవ లేదు.

విశ్రాంత_ఇంజనీరు
హైబర్నేట్ మూత మూసినప్పుడే కాపాడుతుంది, పని మధ్యలో కరెంటు పోతే కాదు. బ్యాటరీ మార్పించుకోండి. అప్పటివరకూ ప్రతి షీటు పూర్తి కాగానే కంట్రోల్, ఎస్ నొక్కడం మరవకండి.

గాజువాక_ఫోటోస్టూడియో
బ్యాటరీకి ఆర్డరు ఇచ్చాను మాస్టారూ. మెమరీ పరీక్షలో లోపమేదీ రాలేదు. నిన్న పెందుర్తి పెళ్లి ఆల్బమ్ మొదలుపెట్టాను. ఫోటోలు సత్యవతి గారు చెప్పిన కొలతకు తగ్గించి, మూడేసి షీట్లు తెరిచి చేస్తున్నాను. ఇన్ యూజ్ 7 జీబీ దాటడం లేదు. మధ్యాహ్నం మూత మూసి భోజనానికి వెళ్లాను, కరెంటు నలభై నిమిషాలు పోయింది. తిరిగి తెరిచేసరికి జీలకర్రబెల్లం ఫోటో నేను వదిలిన చోటే, సగం కత్తిరించి ఉంది.

అవుటర్_హార్బర్
ఆ ఆల్బమ్ పూర్తయ్యాక మొత్తం ఎన్ని షీట్లు వచ్చాయో చెప్పండి, మా అమ్మాయి పెళ్లికి కూడా ఆల్బమ్ చేయించాలి.